అటెన్షన్‌లో తప్పిపోయిన టీ

తొమ్మిదో క్లాసులో ఒకరోజు మా ఇంగ్లీష్ సార్ బోర్డు మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో అటెన్షన్ (attention) అని రాసి దాని గురించి అరగంట చెప్పారు, అందరం తలెత్తకుండా నోట్స్ రాసుకున్నాం. అయిపోయాక చాక్‌పీసు పక్కన పెట్టి "బోర్డు మీద ఏమైనా తేడా ఉందా?" అన్నారు. ఎవ్వరం పలకలేదు. చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "సార్, మొదట్లో రెండు టీలుండాలి కదా, ఒకటే ఉంది" అంది. మేమంతా ఆ తప్పుని ఉన్నదున్నట్టు దించేసుకున్నాం! సార్ ఎవర్నీ ఏమీ అనలేదు, "మీరందరూ అటెన్షన్ పే చేశార్రా, నోటీస్ చేసింది మాత్రం ఈ అమ్మాయే" అన్నారు అంతే.

ఆ రెండు మాటల మధ్య తేడా నాకు ఇక జన్మలో మర్చిపోలేనంతగా పట్టేసింది. అటెన్షన్ మనం కావాలని పెట్టేది, లాటిన్‌లో దాని మూలానికి అర్థం ఒకవైపు చాచడం అని సార్ చెప్పారు, అంటే మనసుని అటు చాచడమన్నమాట. నోటీస్ అలా కాదు, ఏదో కంటపడుతుంది, అప్పటిదాకా లేని ఎరుక ఒక్క క్షణంలో వస్తుంది. అందుకే మామూలుగా ఐ నోటీస్డ్ అంటారు గానీ ఐ యామ్ నోటీసింగ్ అని అనరు. నిజానికి ఈ తేడా మనకి కొత్తేం కాదు, చూడటం వేరు కనపడటం వేరు, వినడం వేరు వినపడటం వేరు అని చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నాం, కాకపోతే ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అన్నిటికీ 'గమనించడం' అనే ఒక్క మాట పట్టుకుని కూర్చుంటాం, చిక్కంతా అక్కడే.

అబ్జర్వ్ అంటే ఇంకోటి, కాసేపు అలా కనిపెట్టుకుని చూడటం. దాని మూలంలో కాపు కాయడం, పాటించడం అనే అర్థాలున్నాయి కాబట్టే రూల్స్ అబ్జర్వ్ చేయడం, మౌనం అబ్జర్వ్ చేయడం అంటారు. దారిలో ఫ్రెండ్ కొత్త కళ్ళజోడు కంటపడితే నోటీస్, అదే డాక్టర్ పేషెంటుని రాత్రంతా చూస్తూ ఉంటే అబ్జర్వ్. పట్టించుకోకు అనడానికి టేక్ నో నోటీస్, పెద్దవాళ్ళ మాట చెవిన పెట్టడానికి హీడ్. అటెండ్ పక్కన టు వస్తే కూడా అర్థం మారిపోతుంది, మీటింగ్ అటెండ్ అయితే హాజరైనట్టు, పేషెంట్‌కి అటెండ్ టు అయితే వాళ్ళ సంగతి చూస్తున్నట్టు.

వీటన్నిట్లో నన్ను దెబ్బ కొట్టింది గివ్ నోటీస్. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ప్రాబ్లం గురించి ముందే చెప్పి ఉంచుదామని ఐ యామ్ గివింగ్ నోటీస్ అని మెయిల్ పెట్టాను, సాయంత్రానికి మేనేజర్ పక్కకి పిలిచి "ఎందుకు మానేస్తున్నారు, ఏమైంది?" అని అడిగారు. నాకు గుండె జారిపోయింది. ఆఫీసులో ఆ మాటకి రాజీనామా ముందుగా తెలియజేయడం అనే అర్థమే చేస్తారు! నేను రాయాల్సింది బ్రింగ్ టు యువర్ నోటీస్ అని, మీ దృష్టికి తెస్తున్నాను అని. ఒక్క క్రియ మారినందుకు ఇంత.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ట్రైనింగ్‌లో ఆ గొరిల్లా వీడియో చూపించారు, మీలో కొందరు చూసే ఉంటారు. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే సైకాలజిస్టులు 1999లో ప్రచురించిన ప్రయోగం అది, తెల్లచొక్కాల వాళ్ళు బాస్కెట్‌బాల్‌ని ఎన్నిసార్లు పాస్ చేశారో లెక్కపెట్టమంటారు, మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వాళ్ళ మధ్యలోంచే నడిచి వెళ్తుంది, చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కంటపడలేదు. లెక్క మీద అంత ధ్యాస పెట్టారు మరి! నాకు వెంటనే మా క్లాసు, ఆ బోర్డు, చివరి బెంచీ కళ్ళ ముందుకొచ్చాయి, పక్కనున్నవాళ్ళకి ఆపకుండా చెప్పేశాను.

సార్ ఇప్పుడు లేరు. ఆ నోట్‌బుక్ మాత్రం నా దగ్గరుంది, అట్ట ఊడిపోయింది, అటెన్షన్ అన్న మాటలో రెండో టీని ఆరోజు ఎర్రపెన్నుతో నేనే పైన ఇరికించి రాసుకున్నాను, ఈసారి మా పాత క్లాసు వాళ్ళం కలిసినప్పుడు పట్టుకెళ్తాను. ఆ అమ్మాయి కూడా వస్తే ముందు తనకే చూపిస్తా.