ఓగర్ మల్ల లేసిండు

నిన్న రాత్రి తమ్ముడు అటక మీదికెళ్లి పాత ప్లేస్టేషన్ దించిండు. టెక్కెన్ 3 అనే కొట్లాట గేమ్ పెట్టినం. అండ్ల ఆఖరికొచ్చే రాక్షసుడు ఓగర్ కనవడంగనే గుండె చిన్నప్పటి లెక్కనే కొట్టుకున్నది.

హన్మకొండ చౌరస్తా ఎనుక గల్లీల చిన్న గేమ్ దుకాణం ఉండె. బడి ఇడువంగనే ఉరికేటోళ్లం. ఓగర్ దాక పోవుడే పెద్ద ముచ్చట. మొదటిసారి వాన్ని పడగొట్టిననాడు అందరు చప్పట్లు కొట్టిన్రు. గంతలనే వాడు మల్ల లేసిండు. కొమ్ములు, రెక్కలు, పాములు చుట్టుకున్న చెయ్యి, నోట్లకెళ్లి మంటలు. దుకాణమంత ఒక్కసారి సప్పుడు బందైంది. గేమ్ కథల పాల్ అనే ఫైటర్ గూడ గంతే, మొదటి రూపాన్ని కొట్టి, గెలిచిన అనుకొని ఎల్లిపోతడు. రెండో రూపాన్ని కొట్టేది జిన్ అనే ఇంకో ఫైటర్.

మాకప్పుడు ఇంగ్లీషు సరిగ రాదు. దుకాణంల కూసునే అన్న చెప్పిండు: "తమ్మీ, వాడు జిన్ వాళ్లమ్మ మీద పడ్డడు. ఆమె మల్ల కనవడలే. అందుకే కొడుకు కొట్లాటకొచ్చిండు." ఆ మాట ఇన్నంక నేను జిన్‌ను తప్ప ఎవ్వల్నీ తీసుకోలే. ఎడ్డీ అనే ఇంకో ఫైటర్ తన్నులు అందరికీ ఇష్టమే, నాకు గూడ. అయినా తల్లి కోసం వచ్చినోన్ని ఇడిసిపెట్ట బుద్ది కాలే.

1997ల పుట్టిన ఆ రాక్షసుడు తర్వాత టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ అనే గేమ్‌ల గూడ వచ్చిండు. నాకైతే మా గల్లీల చూసినోడే అసలు ఓగర్.

నిన్న రెండో రూపం రాంగనే తమ్ముడు నా భుజం పట్టుకొని ఒర్రిండు: "అన్నా, మంట! పక్కకు జరుగు!"

జరిగిన.