మా పెరట్లో బ్లూబర్డ్ కాపురం

ఒహాయోలో చలి ఇంకా తగ్గకుండానే, ఫిబ్రవరి చివర్లో, పెరట్లో బ్లూబర్డ్ అనే చిన్న నీలి పిట్ట గూడు కట్టుకోడానికి ఒక చెక్క పెట్టె పెట్టాను. ఈ పిట్ట తొర్రల్లోనే కాపురం పెడుతుంది. మార్చి వస్తే జంటలు గూటికి చోటు వెతుక్కుంటాయి. చెట్టుకి కొట్టకుండా ఇనప రాటకి బిగించి, రకూన్లూ (చెట్లెక్కి గుడ్లు తినే పిల్లంత జంతువులు) పాములూ ఎక్కకుండా కింద రేకు గొట్టం తొడిగాను. కన్నం ఒకటిన్నర అంగుళం. ఆ కొలతలో స్టార్లింగులు, అంటే తొర్రలు ఆక్రమించే గోరింక జాతి పిట్టలు, పట్టవు.

పిచ్చుకలు మాత్రం పడతాయి. అసలు పేచీ వాటితోనే. 1850ల్లో యూరప్ నుంచి తెచ్చి బ్రూక్లిన్‌లో వదిలితే ఖండమంతా పాకాయి. బ్లూబర్డ్ గూట్లో దూరి గుడ్లు పగలగొడతాయి, ఒక్కోసారి తల్లిని పొడిచి చంపేస్తాయి. వలస పక్షుల రక్షణకి అమెరికాలో 1918లో చేసిన చట్టం వాటికి వర్తించదు కాబట్టి గూడు తీసెయ్యొచ్చు. తీశాను. మళ్లీ కట్టాయి. మళ్లీ తీశాను. గడ్డీ ఈకలూ కాగితం ముక్కలూ కలగాపులగంగా ఉంటే అది పిచ్చుకదే. బ్లూబర్డ్ సన్నటి ఎండుగడ్డితో శుభ్రంగా, గుండ్రంగా అల్లుతుంది.

ఫోన్లో చెబితే అమ్మకి మనసొప్పలేదు. "పిచ్చుక గూడు పీకుతున్నావా? పాపం రా!" అంది. కోనసీమలో మా వసారాలో ఆవిడ ఇప్పటికీ వరి కంకుల కుచ్చు కడుతుంది, పిచ్చుకలు రావట్లేదని బెంగ. నాకూ చెయ్యి ఆడేది కాదు. కానీ ఇక్కడ పిచ్చుకలకి ఊరంతా చూరులే, బ్లూబర్డ్‌కే తొర్రలు కరువు. గుడ్లు పెట్టకముందే తీసెయ్యాలని మాత్రం నియమం పెట్టుకున్నాను.

ఏప్రిల్లో మగది వచ్చి పెట్టె మీద వాలింది. నిండు నీలం వీపు, ఇటుకరంగు రొమ్ము. ఒక రెక్క ఎత్తి ఆడదానికి చూపిస్తూ ఆడించింది. ఆడది లోపలికి తొంగి చూసి, మర్నాటి నుంచే గడ్డి మోసింది. రోజుకొకటి చొప్పున ఐదు లేతనీలం గుడ్లు. మొదటి గుడ్డు పడగానే పెట్టె పైన మెరుపు కాగితం రిబ్బన్లు కట్టాను. అవి గాలికి ఊగుతుంటే పిచ్చుకలు జంకుతాయి, బ్లూబర్డ్ అలవాటు పడిపోతుంది.

రెండు వారాలు పొదిగింది. వారానికోసారి తలుపు తీసి చూసేవాణ్ణి. పిల్లలకి 12 రోజులు దాటాక తెరవకూడదు, బెదిరి ఎగరడం రాకుండానే దూకేస్తాయి. ఇక కిటికీలోంచే చూడటం. ఇద్దరూ మార్చి మార్చి పురుగులూ గొల్లభామలూ తెచ్చేవారు. వెళ్లేటప్పుడు పిల్లల రెట్టని, తెల్లటి చిన్న తిత్తి, ముక్కున కరుచుకుని దూరంగా పారేసేవారు. గూడు అంత శుభ్రం!

మూడో వారంలో ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. పాత గూడు తీసి పెట్టె దులిపాను. బయట పిల్లల్ని మగది మేపుతుండగానే ఆడది మళ్లీ గడ్డి తేవడం మొదలుపెట్టింది. రిబ్బన్లు విప్పి లోపల దాచాను, మొదటి గుడ్డు పడేదాకా వాటితో పనిలేదు.