చావ్ అంటే గుడ్ మార్నింగ్

8వ తరగతిలో సెకండ్ లాంగ్వేజ్‌గా చైనీస్ తీసుకున్నాను. పెద్దగా ఆలోచించిందేమీ లేదు, పక్క బెంచీ వాడు తీసుకున్నాడని నేనూ తీసుకున్నా. వాడు రెండు వారాల్లో మానేశాడు, నేను ఇరుక్కుపోయాను.

మొదటి నెలంతా టోన్ల గోలే. 'మా' అనే ఒక్క మాటని నాలుగు రకాలుగా పలికితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం అని నాలుగు అర్థాలు. పుస్తకంలో బాణాలేసి చూపించారు గానీ నా బుర్రకెక్కలేదు. చివరికి నేనే ఒక దారి వెతుక్కున్నా. డాక్టర్ గొంతు చూస్తానంటే 'ఆ' అని సాగదీస్తాం కదా, అది ఒకటోది. సరిగ్గా వినపడక 'ఆఁ?' అంటామే, అది రెండోది. ఇష్టం లేకుండా 'ఆఁ... సర్లే' అన్నప్పుడు గొంతు అడుక్కి దిగుతుంది, అది మూడోది. కుక్కని 'పో!' అని కసిరితే నాలుగోది.

అసలు నా బాధేంటంటే, మేం చైనీస్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకున్నాం. చైనా ఉచ్చారణని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి వాళ్లు 1958లో పిన్‌యిన్ అనే పద్ధతి తెచ్చారు. అందులో 'బి' కనపడితే మేం 'బ' అనేవాళ్లం, నిజానికి అది మన 'ప'. 'డి' అంటే 'త'. 'జెడ్' అయితే 'చాప', 'చలి' అన్నప్పుడు పలికే చ. ఇంగ్లిష్ వాళ్లు మాట మొదట్లో ఆ చ పలకలేక తంటాలు పడతారు, మనకేమో ఉగ్గుపాలతో వచ్చింది. దాంతో పొద్దున పలకరించే మాట దాదాపు 'చావ్' అని వినిపిస్తుంది. అద్దం ముందు నిలబడి పదిసార్లు ప్రాక్టీస్ చేస్తుంటే నాయనమ్మ వచ్చి, "పొద్దున్నే ఎవర్ని చావమంటున్నావురా" అంది.

వ్యాకరణం కూడా అంతే. 'నేను కొన్న పుస్తకం' అనడానికి చైనీస్‌లోనూ అదే వరస, మేం మాత్రం ఇంగ్లిష్ వాక్యం పట్టుకుని తిరగేసి మళ్లీ తిరగేసేవాళ్లం. ప్రశ్న కావాలంటే వాక్యం చివర ఒక 'మా' తగిలిస్తే చాలు, 'వచ్చావు'ని 'వచ్చావా' చేసినట్టే. ఉత్తర చైనా మాటతీరులో మనం, మేము అనే తేడా కూడా ఉంది: 'చాన్‌మెన్' (మళ్లీ చాప చ), 'వోమెన్'. దీనికి ఇంగ్లిష్ పుస్తకం అర పేజీ వివరణ రాసింది!

రాత దగ్గర మాత్రం తెలుగు ఆదుకోలేదు. గళ్ల పుస్తకం, గడికో అక్షరం, ఏ గీత ముందు ఏది తర్వాత అనేదానికి కూడా రూలు. 'దేశం' అనే అక్షరం చుట్టూ పెట్టె, లోపల పచ్చరాయి. పెట్టె మూడు వైపులా గీసి, లోపలిది రాసి, అప్పుడు అడుగు గీతతో మూయాలి. ముందే మూసేస్తే, చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా సరే, వెనకే నిలబడి చూస్తున్న టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు.

అన్నిటికంటే నన్ను ముంచింది 'మై'. మూడో టోన్‌లో అంటే కొనడం, నాలుగో టోన్‌లో అంటే అమ్మడం. రాసేటప్పుడైతే కొనడం నెత్తిన కూడిక గుర్తు లాంటిది పెడితే అమ్మడం అయిపోతుంది, అది నయం. ఓరల్ పరీక్షలో 'పుస్తకాలు కొనడానికి వెళ్తున్నా' అని చెప్పాలి, టెన్షన్‌లో నా 'మై' కుక్కని కసిరినట్టు పడింది. టీచర్ ముఖంలో ఏ మార్పూ లేకుండా చైనీస్‌లోనే అడిగారు, "ఎంతకిస్తావు?" అని.