మధ్యగీత దాటని మంట

నొప్పి మొదలైన రోజు తప్పంతా కుర్చీదే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా బిల్డింగుల ప్లాన్లు గీస్తున్నవాణ్ణి, నాకు వీపు నొప్పి కొత్తేమీ కాదు. కానీ ఇది వెన్ను దగ్గర మొదలై, ఎడమ చంక కింద నుంచి రొమ్ము దాకా పట్టీ వేసినట్టు వచ్చింది. లోపల సలుపు, పైన మంట. రెండో రోజు రాత్రి మా ఆవిడ "ఎడమ పక్కంటున్నారు, గుండె కాదు కదా?" అంది. ఇంకేముంది, అర్ధరాత్రి ఈసీజీ. అందులో ఏమీ లేదు. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపించారు. వాళ్లని తప్పు పట్టను. అప్పటికి చర్మం మీద చిన్న మచ్చ కూడా లేదు.

మూడో రోజు ఎర్రగా కందింది. నాలుగో రోజుకి గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు. ఏదో పురుగు పాకిందనుకుని, ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ రాసుకుని ఇంకో రెండు రోజులు గడిపేశాను. ఆ రెండు రోజులు తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ కోపం వస్తుంది. ఎందుకో చెబుతాను.

నేను చొక్కా విప్పగానే డాక్టరు చెప్పేశారు. "అగ్గిచప్పి అంటారే, అదే. షింగిల్స్. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" పోసింది. నాకు ఏడేళ్లప్పుడు. ముందు మా అక్కకి, పది పదిహేను రోజులకి నాకు. "అదే వైరస్. అప్పట్నుంచి మీ ఒంట్లోనే ఉంది" అన్నారావిడ, మామూలు సంగతి చెప్పినట్టు. నలభై ఏడేళ్లు! అద్దెకున్నవాడు కూడా అన్నాళ్లు ఉండడు.

ఒంటిమీద ఎర్రబడ్డాక 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మంచిదట. నేను ఆ గడువు దాటించి వెళ్లాను. కొత్త పొక్కులు ఇంకా వస్తూనే ఉన్నాయి కాబట్టి వాలాసైక్లోవిర్ ఇచ్చారు. రోజుకి మూడు సార్లు, వారం రోజులు.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటుంటే వృత్తిరీత్యా నాకొకటి కంటపడింది. పొక్కుల వరుస ముందు వైపు సరిగ్గా రొమ్ము మధ్య ఆగిపోయింది. వెనక వెన్నెముక దగ్గర ఆగిపోయింది. స్కేలు పెట్టి గీసినట్టు. కుడి వైపు ఒక్క పొక్కు లేదు. దురద, దద్దుర్లు, ఎలర్జీ, ఇవేవీ ఇంత కచ్చితంగా హద్దు పాటించవు. ఇది చర్మానికి వచ్చిన జబ్బు అయితే చర్మానికి ఎడమా కుడీ ఎలా తెలుసు? అక్కడ పట్టుకుంది నన్ను ఈ చదువుడు పిచ్చి.

1900లో ఇంగ్లండులో పనిచేస్తున్న హెన్రీ హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ జబ్బు వచ్చి, తర్వాత ఏదో ఒక కారణంతో చనిపోయిన 21 మంది శవాలను పరీక్షించి ఒక పెద్ద వ్యాసం రాశారు. వెన్నుపాము పక్కనే ప్రతి నరానికీ ఒక చిన్న ముడి ఉంటుంది, స్పర్శ తెలిపే నాడీకణాల గూడు లాంటిది. పొక్కులు చర్మం మీద ఎక్కడ వచ్చాయో, ఆ చోటికి వెళ్లే నరం తాలూకు ముడిలోనే వాపు, రక్తస్రావం, కణాల నాశనం కనిపించాయి. అంటే మంట పుట్టింది అక్కడ. పొక్కులు వైరు చివర ఎగిసిన నిప్పురవ్వలు మాత్రమే. ఎంతోమంది రోగుల పొక్కుల హద్దులు గుర్తించి, ఏ నరం చర్మంలో ఏ పట్టీని చూసుకుంటుందో హెడ్ ఒక పటం గీశాడు. నాకైతే అది అచ్చంగా ఇంటి వైరింగ్ డ్రాయింగులా కనిపించింది. నాది ఛాతీ నరాల్లో అయిదోదో ఆరోదో అయి ఉండాలి, ఎడమ లైను. (ఈ హెడ్ మామూలు మనిషి కాదు. స్పర్శ ఎలా తిరిగి వస్తుందో తెలుసుకోవడానికి 1903లో తన సొంత చేతిలోని నరాన్నే కోయించుకున్నాడు. మనం చొక్కా తగిలితేనే మూలుగుతున్నాం.)

సరే, ముడిలో పుట్టింది. మరి అక్కడికి ఎప్పుడు చేరింది? దీనికి నాకు బాగా నచ్చిన సమాధానం ఒక పల్లెటూరి డాక్టరు దగ్గర దొరికింది. ఎడ్గార్ హోప్-సింప్సన్ ఇంగ్లండులో సైరన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేసేవాడు. పెద్ద ల్యాబ్ లేదు. 16 ఏళ్ల పాటు తన దగ్గరికొచ్చిన ప్రతి షింగిల్స్ కేసునూ రాసి పెట్టుకున్నాడు. మొత్తం 192. వయసు పెరిగేకొద్దీ కేసులు పెరుగుతున్నాయి, కానీ ఊళ్లో ఆటలమ్మ వ్యాపించిన రోజులకీ వీటికీ పొంతన లేదు. స్కాట్లండ్ పక్కనున్న షెట్లాండ్ దీవుల్లో యెల్ అనే దీవికి వెళ్లి అక్కడా ఆరా తీశాడు. బయటినుంచి అంటుకోవడం కాదు, చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నాడీ ముడుల్లో నిద్రపోయి, రక్షణ సడలినప్పుడు లేస్తుంది అని 1965లో రాశాడు. ఒక చిన్న ఊరి రిజిస్టరు పట్టుకుని! నిజంగానే ముడుల్లో ఆ వైరస్ డీఎన్ఏ ఉందని డొనాల్డ్ గిల్డెన్ అనే న్యూరాలజిస్టు బృందం చూపించింది 1983లో. ఒకే మనిషికి ముందు వచ్చిన ఆటలమ్మలోని వైరస్, తర్వాత వచ్చిన షింగిల్స్‌లోని వైరస్ ఒకటేనని ఆ మరుసటి ఏడాది డీఎన్ఏ పోల్చి తేల్చారు.

పొక్కులు మూడు వారాల్లో పక్కులు కట్టి రాలిపోయాయి. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "హమ్మయ్య, తగ్గిపోయింది" అన్నారు. అసలు కథ అప్పుడే మొదలైంది.

చర్మం మానిపోయింది, నొప్పి మానలేదు. అదీ ఒక రకం కాదు. వెనకాల ఎప్పుడూ సన్నని మంట, మధ్యలో ఉన్నట్టుండి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం. అన్నిటికంటే విచిత్రం, గట్టిగా అరచేత్తో అదిమితే ఫర్వాలేదు, పల్చటి బట్ట అలా రాసుకుపోతే మాత్రం ప్రాణం పోతుంది. ఫ్యాను గాలికి కూడా. అదే చోట సూదితో గుచ్చితే సరిగా తెలియదు. మొద్దుబారిన చోటే మండుతుందంటే ఎవరు నమ్ముతారు? మా ఆవిడ నమ్మింది, ఆఫీసులో నమ్మలేదు. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. నరంలో కొన్ని పోగులు చచ్చిపోతాయి, మిగిలినవి అకారణంగా సంకేతాలు పంపుతుంటాయి, వాటిని అందుకునే వెన్నుపాము కూడా గొంతు పెంచేస్తుంది. నాకు అర్థమైనంతలో ఇంటర్‌కమ్ చెడిపోయి ఎవరూ నొక్కకుండానే బెల్లు మోగుతూ ఉండటం లాంటిది. ఆ దశలో వైరస్ మందు పనికిరాదు. నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ ఇచ్చారు. నొప్పి సగం తగ్గింది, బుర్ర కూడా సగం పనిచేసింది. ఒక మెట్ల డ్రాయింగులో 18 మెట్లు ఉండాల్సిన చోట 17 గీశాను. సైటు మీద మేస్త్రీ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. చర్మాన్ని మొద్దుబార్చే లిడోకేయిన్ ప్యాచ్ అంటించుకున్న పూట మాత్రం చొక్కా వేసుకోగలిగేవాణ్ణి.

నాది పక్కటెముకల దగ్గర కాబట్టి ఇంతటితో పోయింది. మా బాబాయికి నాలుగేళ్ల కిందట చెవిలో రెండు పొక్కులు వచ్చి, నాలుగు రోజులకి మూతి పక్కకి పోయింది. పక్షవాతమని ఇంట్లో ఏడుపులు. అదీ ఇదే వైరస్, ముఖాన్ని కదిలించే నరం ముడిలో లేచింది. 1907లో రామ్సే హంట్ అనే న్యూరాలజిస్టు దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే ఉంది. గాయకుడు జస్టిన్ బీబర్ 2022లో సగం ముఖం కదలక కచేరీలు ఆపుకున్నది దీనివల్లే. బాబాయికి ఇప్పటికీ ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు. రాత్రిళ్లు టేపు అంటించుకుని పడుకుంటారు.

నన్ను భయపెట్టిన భాగం ఇంకొకటుంది. ఈ వైరస్ నరం వెంట చర్మం వైపే కాదు, లోపలికీ వెళ్లగలదు. మెదడు రక్తనాళాల గోడల్లోకి చేరి అక్కడ పెరిగి, వాటిని వాచేలా చేసి స్ట్రోకు తెప్పించగలదు. బ్రిటన్‌లో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, షింగిల్స్ వచ్చాక మొదటి నాలుగు వారాల్లో స్ట్రోకు ముప్పు సుమారు 1.6 రెట్లు కనిపించింది. నుదురు, కన్ను చుట్టూ వచ్చినవాళ్లలో కొన్ని వారాల పాటు మూడు రెట్లు దాటింది. అందుకే ముక్కు కొనమీద పొక్కు కనిపిస్తే కంటి డాక్టర్లు అంత కంగారు పడతారు, ఆ కొనకీ కంటికీ వెళ్లేది ఒకే నరం కొమ్మ.

మరి కొందరికైతే పొక్కులే రావు. 2008లో మరియా నేగల్, గిల్డెన్ తదితరులు ఇలా మెదడు రక్తనాళాలు దెబ్బతిన్న 30 మంది వివరాలు ప్రచురించారు. వాళ్లలో మూడో వంతుకి పైగా చర్మం మీద ఏమీ రాలేదు. వెన్నునీటిలో వైరస్ డీఎన్ఏ కోసం వెతికితే 30 శాతం మందిలోనే దొరికింది. దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీ కోసం చూస్తే 93 శాతంలో ఉంది. దొంగ దొరకడు, పోలీసులు మాత్రం వీధిలో ఉన్నారన్నమాట. ఒక్క పరీక్షే చేసి "వైరస్ లేదు" అని పంపేస్తే ఎంతమంది తప్పిపోతారో.

ఇన్నేళ్లుగా ఇంతమంది చూస్తున్నా ఇంకా తెలియనివి ఇన్ని ఎందుకున్నాయంటే, ఇది మనిషి వైరస్. ఎలుకకి ఆటలమ్మ రాదు, షింగిల్సూ రాదు. నిద్రపోతున్న వైరస్‌ని చూడాలంటే చనిపోయినవారి నాడీ ముడులే దిక్కు. అలాంటి ముడుల్లోనే, నిద్రలో కూడా అది తన జన్యువు నుంచి ఒక సందేశం (ఆర్ఎన్ఏ) రాస్తూ ఉంటుందని 2018లో డెప్లెడ్జ్, బ్రూయర్ల బృందం కనిపెట్టింది. పూర్తి నిద్ర కాదు, ఒక కన్ను తెరిచే ఉంది.

బ్రిటన్‌లోని వేల్స్‌లో జరిగిన పరిశోధన చదివినప్పుడు మాత్రం మళ్లీ నా స్కేలు గుర్తొచ్చింది. అక్కడ 2013 సెప్టెంబరు 1న షింగిల్స్ టీకా మొదలుపెట్టినప్పుడు, 1933 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకే అర్హత ఇచ్చారు. ఆ గీతకి వారం ముందు పుట్టినవాళ్లకి లేదు, వారం తర్వాత పుట్టినవాళ్లకి ఉంది. మిగతా అన్నిటిలో ఇద్దరూ ఒకటే. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, టీకా వేసుకున్నవాళ్లలో ఏడేళ్లలో మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, దాదాపు 20 శాతం తక్కువ. ఆడవాళ్లలో ఫలితం ఎక్కువ. వైరస్ లేవకపోవడం వల్లా, టీకా రోగనిరోధక వ్యవస్థని ఇంకేదో రకంగా కదిలించడం వల్లా అన్నది తేలలేదు. పైగా అది పాత టీకా, బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్నది వేరు, వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్‌తో చేసినది, రెండు డోసులు. 50 దాటినవాళ్లమీద చేసిన పరీక్షలో అది షింగిల్స్‌ని 97 శాతం ఆపింది. కానీ ఒక ప్రభుత్వం పుట్టినతేదీల మధ్య గీసిన గీత ఇంత పెద్ద ప్రయోగమైపోవడం నాకు భలే ముచ్చటేసింది.

ఇదంతా ఫోన్లో అక్కకి చెబుతుంటే మధ్యలో ఆపింది. "అయితే ఒరేయ్, నీకిదంతా నేనే అంటించానా?"

"నువ్వే. కానీ అది నీలో కూడా ఉంది కదక్కా. నీకు అరవై దగ్గర పడుతున్నాయి."

కాసేపు మాట్లాడలేదు. ఆ వారమే వెళ్లి మొదటి డోసు వేయించుకుంది. రెండు రోజులు చెయ్యి ఎత్తలేక, ఒళ్లు నొప్పులతో పడుకుని, ఫోన్ చేసి నన్ను తిట్టింది. రెండో డోసుకి ఇంకా మూడు నెలలుంది. "దానికి నువ్వు కూడా రా, ఇద్దరం కలిసే వేయించుకుందాం, నేనొక్కదాన్నే ఎందుకు పడాలి?" అంది. మా డాక్టరు నన్నూ వేయించుకోమనే అన్నారు. ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్లీ రాదని లేదట.