శిక్షణ వేరొకరికి అప్పగించాక మా హాకీ జట్టు నిలదొక్కుకున్న తీరు: నా అనుభవం

నేను విజయనగరం జిల్లాలో, గజపతినగరం వైపున్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. చదువుకునే రోజుల్లో ఖోఖో ఆడాను. హాకీని మాత్రం ఉద్యోగంలో చేరాక నిబంధనల పుస్తకం చదివి నేర్చుకుని, ఆ కొద్దిపాటి పరిజ్ఞానంతోనే నాలుగేళ్ళు మా బాలికల జట్టుకు శిక్షణ ఇచ్చాను. 2023లో మా పిల్లలు ఆడిన మూడు ఆటల్లోనూ ఓడిపోయారు. మొత్తం 14 గోల్స్ ఇచ్చి, ఒక్కటి కూడా వేయలేకపోయారు. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో ఎవరూ నోరు విప్పలేదు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా గోల్‌కీపర్ బస్సు దిగుతూ, "టీచర్, వచ్చే ఏడాది నన్ను కబడ్డీలో వేసేయండి" అని అడిగింది.

పిల్లలకు దమ్ము చాలకపోవడమే ఓటమికి కారణమని నేను నిర్ణయించుకుని, రోజూ తెల్లవారగానే మైదానం చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించాను. దమ్ము పెరిగింది కానీ ఆట మారలేదు. పక్క మండలం వాళ్ళతో ఆడిన సరదా పోటీల్లోనూ అవే ఓటములు.

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వేలో పనిచేసి, వయసులో ఉండగా అక్కడి జట్టుకు హాకీ ఆడి, పదవీ విరమణ తరువాత సొంత ఊరు చేరుకున్నారు. సాయంత్రాలు వేపచెట్టు కింద కూర్చుని మా ఆట చూసేవారు. ఒకనాడు ఉండబట్టలేక, "మాస్టారూ, మా పిల్లల్లో లోపం ఎక్కడుందంటారు?" అని అడిగాను. "పరుగుకు లోటు లేదమ్మా. వచ్చిన బంతి కర్ర దగ్గర ఆగడం లేదు. ఆగని బంతి వెనక ఎంత పరిగెత్తినా అది అవతలివాళ్ళకే దక్కుతుంది" అన్నారాయన. నాలుగేళ్ళుగా నా కళ్ళెదుటే ఉన్న విషయం నాకు ఎందుకు కనబడలేదో అప్పుడర్థమైంది. నేను పరిగెత్తేవాళ్ళను చూశానే గాని, బంతిని ఆపే చేతులను చూడలేదు.

ప్రధానోపాధ్యాయుల అనుమతితో 2024 జూన్‌లో శిక్షణ ఆయనకు అప్పగించి, నేను మేనేజరుగా ఉండిపోయాను. ఇది చెప్పినంత తేలికగా జరగలేదు. అప్పటిదాకా కర్ర పట్టు సరిచేయమని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చే పిల్లలు నన్ను దాటుకుని ఆయన దగ్గరికి వెళుతుంటే, మొదటి రెండు వారాలు నాకు చాలా కష్టమనిపించింది. అయినా రోజూ నోటుపుస్తకం పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను.

ఆయన మొట్టమొదట బంతిని బలంగా కొట్టడం మాన్పించారు. మూడు వారాలపాటు తోయడం, ఆపడం, ఈ రెండే పనులు. మాది కంకర నేల కాబట్టి గులకరాయి తగిలితే బంతి ఎగిరి మొహానికి వస్తుందన్న భయంతో పిల్లలు నిటారుగా నిలబడి కర్రను దూరం నుంచి చాపేవారు. అందుకని సాధనకు ముందు పావుగంటసేపు అందరూ చీపుళ్ళతో రాళ్ళు ఊడ్చే ఏర్పాటు చేశారు. తరువాత నిలబడే తీరు నేర్పారు. వాళ్ళలో చాలామంది సెలవుల్లో తల్లులతో కలిసి వరి ఊడ్పులకు వెళ్ళేవాళ్ళే. "ఊడ్పుల్లో వంచినట్టు నడుం వంచకండి తల్లీ, మోకాళ్ళు వంచండి. కళ్ళు పైకి ఉండాలి" అని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. హాకీ కర్రకు ఎడమవైపున్న చదునైన ముఖంతోనే బంతిని ఆడాలి గనుక, బంతి కుడిపక్కకు వచ్చేలా పాదాలు జరుపుకోవడం కూడా దీనితోపాటే వచ్చింది.

ఇక రెండవ జబ్బు, బెల్లం చుట్టూ చీమల్లా అందరూ బంతి చుట్టూ చేరడం. ఆయన మైదానాన్ని ముగ్గుపిండితో నిలువుగా మూడు పట్టీలుగా గీసి, ఎవరి పట్టీ వాళ్ళదేనని, పక్క పట్టీలోని పిల్ల వచ్చి తన చోటు నింపితే తప్ప ఎవరూ గీత దాటకూడదని నియమం పెట్టారు. మొదట్లో పిల్లలకిది శిక్షలా తోచింది. బంతి వాళ్ళ కాళ్ళ దగ్గరికి నడిచి రావడం మొదలయ్యాక ఆ ఫిర్యాదు ఆగిపోయింది.

ఆగస్టు 4, ఆదివారం, పారిస్ ఒలింపిక్స్‌లో గ్రేట్ బ్రిటన్‌తో భారత్ క్వార్టర్ ఫైనల్‌ను మాస్టారింట్లో అందరం కలిసి చూశాం. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడటంతో మనవాళ్ళు మిగిలిన ఆటంతా పదిమందితోనే ఆడవలసి వచ్చింది. మాస్టారు పిల్లలను బంతిని వదిలేసి, బంతి లేని ఆటగాళ్ళను చూడమన్నారు. ఒక మనిషి తక్కువైనా ఎక్కడా ఖాళీ కనబడకుండా వాళ్ళు ఒకరి చోటును మరొకరు కాచుకోవడం మా పిల్లలు తమ కళ్ళతో చూశారు. ఆట 1-1తో ముగిసి, సమమైన ఆటను తేల్చే షూటౌట్‌లో, అంటే ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా గోల్‌కీపర్‌ను ఎదుర్కొనే పోటీలో, భారత్ 4-2తో గెలిచింది. నాలుగు రోజుల తరువాత స్పెయిన్‌ను 2-1తో ఓడించి కాంస్యం తెచ్చింది. 2023 జనవరిలో సొంతగడ్డ మీద జరిగిన ప్రపంచకప్‌లో తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్న జట్టే ఇది. అప్పుడు కోచ్ గ్రాహం రీడ్ తప్పుకోగా, కొత్త కోచ్‌గా క్రెయిగ్ ఫుల్టన్ వచ్చి ముందు రక్షణను గట్టిపరిచారు. ఆ ఏడాదే ఆసియా క్రీడల స్వర్ణం కూడా వచ్చింది. ఇదంతా మాస్టారు చెబుతుంటే, తప్పుకోవడం అవమానం కాదన్న ధైర్యం నాకూ కలిగింది.

మేము ఇచ్చిన గోల్స్‌లో ఎక్కువ భాగం పెనాల్టీ కార్నర్ల మీద, అంటే మన గోల్ దగ్గర మనం చేసిన తప్పుకు అవతలి జట్టుకు దక్కే ప్రత్యేక అవకాశాల మీద వచ్చినవే. అప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే గోల్ గీత వెనక ఉండాలి, తక్కినవాళ్ళు సగం గీత అవతలికి పోవాలి. మా పిల్లలు నలుగురూ ఒక్కసారిగా దూకి కీపర్ చూపుకే అడ్డం పడేవారు. మాస్టారు ఒక్కరినే మొదటి రన్నరుగా, అంటే బంతి కొట్టేవాళ్ళ మీదికి ముందుగా పరిగెత్తే పిల్లగా పెట్టి, కీపర్‌కు బంతి కనబడే దారి వదిలి పక్కగా పరిగెత్తడం నేర్పారు. మిగతా ముగ్గురి చోట్లను సున్నంతో గుర్తుపెట్టారు. ఎవరు ఎక్కడ నిలబడాలో కేకవేసి చెప్పే పని కీపర్‌కు అప్పజెప్పారు. కబడ్డీకి పోతానన్న పిల్ల గొంతు ఆ నెలరోజుల్లో మైదానమంతా వినబడేంతగా పెరిగింది.

ఆ ఏడాది పోటీల్లో మా మొదటి ఆట, అంతకుముందు మాకు ఆరు గోల్స్ వేసిన జట్టుతోనే పడింది. ఏడు పెనాల్టీ కార్నర్లు ఇచ్చినా ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆట 0-0. గెలిచినవాళ్ళలా పిల్లలు కీపర్ మీద పడి ఏడ్చారు, నేనూ ఏడ్చాను. రెండవ ఆట 1-0తో గెలిచి సెమీఫైనల్ చేరి, అక్కడ 1-2తో ఓడిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ రెండవ గోల్ వేళ ఎవరు ఎవరి పట్టీ విడిచారన్న దానిమీద మా ఊరు వచ్చేదాకా వాదన ఆగలేదు.

మాకింకా గోల్ వేయడం సరిగా రాలేదు. పెనాల్టీ కార్నర్‌లో గోల్‌పోస్టుకు 10 మీటర్ల దూరం నుంచి తోసిన బంతి సర్కిల్ (గోల్ ముందు వంపుగా గీసిన గీత) దాటి వెలుపలికి వెళ్ళాకే గోల్‌కు కొట్టాలి. మా కంకరలో అది సగం దారిలోనే పక్కకు మళ్ళుతోంది. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై వారానికి రెండు రోజులే వస్తున్నారు కాబట్టి, తక్కిన రోజుల్లో నోటుపుస్తకం చూసుకుని సాధన నేనే చేయిస్తున్నాను. ఏడో తరగతి పిల్ల ఒకతె బడి వదిలాక వరండా గచ్చు మీద రోజుకు యాభై బంతులు తోస్తోంది. అవతలి చివర మోకాళ్ళు వంచి నిలబడి ఆ బంతులు ఆపుతున్నది నేనే.