బెజవాడలో దొరకని పుస్తకం

కాజ టోల్‌గేటు దాటి పది నిమిషాలైనా కాలేదు, యెజ్డీ మోటారు సైకిలు ముందు చక్రం దగ్గర నల్లగా నూనె కారడం చూశాను. అంతకు ముందే సర్వీసు రోడ్డులో ఒక గుంత తగిలింది. దుమ్ముతో నిండిపోయి చదునైన నేలలాగే కనిపించింది. చక్రం అందులో దిగినప్పుడు దెబ్బ మోచేతుల దాకా వచ్చింది. కుడి ఫోర్కు ఆయిల్ సీలు పోయింది. ఒంగోలు నుంచి చిలకలూరిపేట, గుంటూరు మీదుగా అంత దూరం పేచీ పెట్టకుండా వచ్చిన బండి, మంగళగిరి కొండ కనబడే చోట ఇలా చేసింది. వారధి మీద కృష్ణలో నీళ్లున్నాయో ఇసుకే ఉందో కూడా చూడలేదు. నా చూపంతా ఆ ఫోర్కు మీదే.

బండి నాది కాదు, మా అన్నయ్యది. కుర్రతనంలో ఒక్కసారి హైదరాబాదు వెళ్లి మోటోక్రాస్‌లో, అంటే మట్టి గుట్టల ట్రాకు మీద మోటారు సైకిళ్ల పోటీలో దిగాడు. రెండో మలుపులో పడ్డాడు. మోకాలు చితికింది, ఆ కాలు ఇప్పటికీ పూర్తిగా మడవదు. ఆ పోటీ గురించి ఎప్పుడూ చెప్పడు. కాని ఒక ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ మాత్రం ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు. గుట్ట మీది నుంచి గాలిలోకి లేచిన సుజుకీ, దాని మీద రోజర్ డీ కోస్టర్. వేసవి రాత్రుల్లో డాబా మీద పడుకుని ఆ బెల్జియం మనిషి కథ చెప్పేవాడు. 500 సీసీ తరగతిలో అయిదుసార్లు ప్రపంచ విజేత: 1971, 72, 73, 75, 76. 74 ఎందుకు పోయిందని నేను ప్రతిసారీ అడిగేవాణ్ని. "అదే నాకూ తెలియాలి, దానికి పుస్తకం కావాలి" అనేవాడు.

ఈసారి బయలుదేరేటప్పుడు తాళం చేతిలో పెట్టి ఒకటే మాట అన్నాడు. "పుస్తకాల పండుగకు వెళ్తున్నావుగా, మోటోక్రాస్ వాళ్ల జీవితం మీద తెలుగులో ఒక్కటైనా వచ్చిందేమో చూడరా."

బెంజి సర్కిల్ నుంచి నేరుగా ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టే చప్పుడు, వెల్డింగు మెరుపులు, పాత టైర్ల వాసన మధ్య ఇద్దరు ముగ్గురిని అడిగితే ఒక పాత షెడ్డు చూపించారు. మెకానిక్‌కు అరవై అయిదేళ్లు ఉండవచ్చు. బండిని చూడగానే నవ్వాడు. కిక్కు రాడ్డునే ముందుకు మడిచి గేరు రాడ్డుగా వాడుకునే బండి ఇప్పుడు తన షెడ్డుకు నెలకొకటి కూడా రావడం లేదన్నాడు. "సీళ్లు వెతకాలి బాబూ. రేపు మధ్యాహ్నానికి అవుతుంది" అన్నాడు. రాత్రి ఉండాలని అనుకోలేదు. గాంధీనగర్ వైపు ఒక లాడ్జిలో, కిటికీ గోడలోకి తెరుచుకునే గదికి 1400 తీసుకున్నారు. దుప్పటి అడిగితే దానికి వేరే లెక్క చెప్పారు. ఒంగోలులో ఆ డబ్బుకు ఏసీ గది వస్తుంది.

పుస్తక మహోత్సవానికి నేను మొదట వచ్చినప్పుడు అది స్వరాజ్ మైదానంలో జరిగేది. ఇప్పుడు ఆ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం ఆకాశాన్ని అంటుతూ నిలబడింది, స్టాళ్లు బందరు రోడ్డు మీది ఇందిరాగాంధీ స్టేడియానికి మారాయి. దుమ్ము అదే, జనం అదే, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు అవే. అయిదు గంటలు తిరిగాను. క్రీడలన్న బల్ల ఎక్కడ కనిపించినా ఆగాను. క్రికెటర్ల జీవితాలు వరుసగా ఉన్నాయి. చదరంగం ఉంది, బ్యాడ్మింటన్ ఉంది. మోటారు సైకిలు అనగానే ఒకాయన లోపలికి వెళ్లి టూవీలర్ మెకానిజం గైడు తెచ్చి ఇచ్చాడు. నేను అడిగింది నడిపిన మనుషుల గురించి అని వివరించాను. ఆయన ఓపికగానే విన్నాడు, చివరికి "ఎవరండీ వాళ్లు? మనవాళ్లకు పేర్లు కూడా తెలియవు. గెలిచినవాళ్ల పుస్తకాలకే గిరాకీ" అన్నాడు.

ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. గెలిచినవాళ్లు కాదా వీళ్లు? డానీ చాండ్లర్ 1982లో దేశాల మధ్య జరిగే రెండు పెద్ద పోటీల్లో నాలుగు రేసులకు నాలుగూ గెలిచాడు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఒక పోటీలో పడి, మిగిలిన జీవితం చక్రాల కుర్చీలో గడిపి 2010లో పోయాడు. డేవిడ్ బెయిలీ 1983 అమెరికా సూపర్‌క్రాస్ విజేత, అంటే స్టేడియంలో మట్టి పోసి జరిపే మోటోక్రాస్‌లో. 1986లో ఇటలీలోని మజోరాలో అమెరికా జట్టు గెలిచినప్పుడు ముగ్గురిలో ఒకడు. కొత్త సంవత్సరం పుట్టీ పుట్టగానే, 1987 జనవరిలో, ప్రాక్టీసులో పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. పదమూడేళ్లకు, 2000లో, హవాయిలో ఐరన్‌మ్యాన్ పోటీ చక్రాల కుర్చీ విభాగంలో గెలిచాడు. సముద్రంలో ఈత, చేతులతో తొక్కే బండి, ఆ తర్వాత చేతులతోనే చక్రాలు తోస్తూ మారథాన్. 1987కూ 2000కూ మధ్య ఆ మనిషి ఉదయం లేవగానే ఏమి ఆలోచించేవాడో నాకు కావాలి. కప్పుల లెక్క ఎక్కడైనా దొరుకుతుంది.

మర్నాడు ఉదయం ఒక పాకలో నెయ్యి కారప్పొడి ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలకు డెబ్బయి రూపాయలు. కొండ ఎక్కి అమ్మవారి దర్శనం చేసుకోవాలనుకున్నాను కాని వరుస చూసి ఆగిపోయాను. రెండు గంటలకు ఆటోనగర్ చేరాను.

అక్కడే ఆ కుర్రాణ్ని చూశాను. పద్దెనిమిదేళ్లు ఉంటాయి. సీలు మార్చడం అయిపోయింది, కొత్త ఆయిల్ పోశారు. ముసలాయన బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి ఇంజను వేశాడు. ఆయన తన అలవాటు ప్రకారం స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. ఆ కుర్రాడు మాత్రం ట్యాంకు మీద అరచేయి పరిచి, కళ్లు కాస్త మూసుకుని నిలబడ్డాడు. తర్వాత కార్బురేటరు వైపు వేలు చూపి, వేలిని కొద్దిగా తిప్పాడు. ముసలాయన స్క్రూ పావు చుట్టు తిప్పాడు. ఇంజను చప్పుడు తేటపడింది.

"నా మనవడు. పుట్టుకతోనే వినపడదు" అన్నాడు ముసలాయన. "నా చెవుల కంటే వాడి చెయ్యి నయం."

నా గుండె ఒక్కసారి కొట్టుకోవడం మానినట్టయింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి అమ్మాయి ఒకతె ఉంది. ఆష్లీ ఫియోలెక్. 1990లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో పుట్టింది. పుట్టినప్పటి నుంచీ వినపడదు. మోటోక్రాస్‌లో అందరూ ఇంజను చప్పుడు విని గేరు మారుస్తారు, ఆమె బండి వణుకును ఒంటితో పట్టుకుని మార్చేది. 2008, 2009, 2011, 2012లలో అమెరికా మహిళల మోటోక్రాస్ టైటిలు గెలిచింది. అదంతా ముసలాయనకు చెప్పాను. ఆయన పని ఆపి, చేతులు తుడుచుకుని, మనవడికి సైగలతో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సైగలు ఏ బడిలోనూ నేర్చుకున్నవి కావు, ఆ ఇంట్లో పుట్టినవి. అమ్మాయి అనడానికి ముక్కుపుడక చోట వేలు పెట్టాడు. గుట్ట, దూకడం, మట్టి. ఆ తర్వాత చెవి చూపి చెయ్యి అడ్డంగా ఊపాడు, ట్యాంకు మీద అరచేయి వేశాడు, నాలుగు వేళ్లు ఎత్తాడు.

కుర్రాడు నమ్మలేదు. నావైపు చూశాడు. ఫోనులో ఆమె ఫోటో తీసి చూపించాను. ఫోను నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశాడు. దగ్గరకు పెద్దది చేసి ఆమె చేతులే చూశాడు, ఎడమ చెయ్యి క్లచ్ మీద ఎన్ని వేళ్లతో ఉందో. తర్వాత తాతకు ఏదో చెప్పాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఒక చేత్తో రెండో చేతిని దాటించాడు.

"వెనక నుంచి ఇంకొక బండి వస్తే ఎలా తెలుస్తుంది అంటున్నాడు" అని ముసలాయన నాకు చెప్పాడు.

ఇన్నేళ్లుగా ఆమె గురించి చదువుతున్నాను, ఈ ప్రశ్న నాకు రాలేదు. నలభై బండ్లు ఒకే గేటు నుంచి ఒకేసారి దూకి మొదటి మలుపు కోసం ఎగబడే ఆటలో అన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్న అది. నేను జవాబు కూడదీసుకుంటూ ఉండగానే కుర్రాడు షెడ్డు బయటికి నడిచాడు. మూడు గంటల ఎండ. రోడ్డు మీద ఒక ట్రాలీ ఆటో వెళ్తోంది. అది రాకముందే దాని నీడ వాడి పాదాల మీదికి వచ్చింది. వాడు నేల చూపించాడు, తర్వాత నన్ను చూశాడు. వాడు రోజూ ఈ రోడ్డు అలాగే దాటుతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత మేము చాలాసేపు కూర్చున్నాం. టీ తెప్పించాడు ముసలాయన, డబ్బు తీసుకోలేదు. ఆయనకు ఈ యెజ్డీ లాంటి పాత టూ స్ట్రోక్ ఇంజన్ల మీద ప్రాణం. అవి పోవడం తన షెడ్డు సగం పోవడమే అన్నాడు. అందుకని అమెరికా మోటోక్రాస్ వీరుడు డగ్ హెన్రీ గురించి చెప్పాను. 1995లో బడ్స్ క్రీక్ అనే ట్రాకులో కొండ దిగువకు మామూలు కంటే చాలా దూరం ఎగిరి పడి వెన్నెముక విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ వచ్చాడు. 1997లో లాస్ వేగాస్‌లో, అన్నీ టూ స్ట్రోకులే ఉన్న వరుసలో యమహా కొత్తగా చేసిన 400 సీసీ ఫోర్ స్ట్రోక్ ఎక్కి గెలిచాడు. మరుసటి ఏడాది అదే జాతి బండితో అమెరికా 250 తరగతి టైటిలు. పదేళ్లు గడిచేసరికి పెద్ద పోటీల్లో టూ స్ట్రోకు దాదాపు కనపడకుండా పోయింది. "అయితే మా పొట్ట కొట్టింది ఆయనేనా!" అని ముసలాయన నిజంగానే బాధపడ్డాడు. 2007లో మంచు మీద జరిగిన ప్రమాదంలో హెన్రీ కాళ్లు చచ్చుబడ్డాయని, అయినా సీటు చుట్టూ పంజరం లాంటి చట్రం కట్టించి, దానికి తనను బిగించుకుని మళ్లీ మోటారు సైకిలు నడిపాడని చెప్పాక ఆయన మాట్లాడలేదు. కాసేపటికి, "ఆ చట్రం ఎవరు చేసి ఉంటారు? వెల్డింగు చేసినవాడి పేరు కూడా రాయాలి" అన్నాడు. ఒక జీవిత చరిత్ర ఎలా ఉండాలో అంతకంటే బాగా నాకు ఎవరూ చెప్పలేదు.

మనవాళ్లు లేరా అని అడిగాడు. ఎందుకు లేరు? బెంగళూరు సి.ఎస్. సంతోష్ మట్టి ట్రాకుల నుంచే వచ్చాడు. ఎడారుల్లో రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీని 2015లో పూర్తి చేసిన మొదటి భారతీయుడు. 2021 జనవరిలో సౌదీ ఎడారిలో పడ్డాడు, డాక్టర్లు కోమాలో ఉంచారు, బతికి బయటపడ్డాడు. అంతకు ఏడాది ముందు అదే ర్యాలీలో అతని జట్టు సహచరుడు పావులో గొన్సాల్వెస్ చనిపోయాడు. కేరళ షోరనూరు నుంచి వచ్చిన హరిత్ నోవా 2024 డకార్‌లో ర్యాలీ-2 తరగతి గెలిచాడు. ఒంగోలు బస్సులో నా పక్కన కూర్చునే కాలేజీ పిల్లలకు ఈ రెండు పేర్లూ తెలియవు. పక్క షాపులో బండ్లకు అంటించే అంకెల స్టిక్కర్లు వేలాడుతున్నాయి. రోడ్డు రేసుల వాలెంటినో రోసీ అంకె 46 ఉంది, 222 కూడా ఉంది. 222 ఎవరిదని షాపతన్ని అడిగితే ఫ్యాషన్ అన్నాడు. సిసిలీ ద్వీపంలోని పాట్టి అనే ఊరి నుంచి వచ్చి తొమ్మిదిసార్లు మోటోక్రాస్ ప్రపంచ విజేత అయిన టోనీ కైరోలీ అంకె అది. అంకె బెజవాడ దాకా వచ్చింది, మనిషి రాలేదు. ముప్పై రూపాయలిచ్చి అది కొని కుర్రాడికి ఇచ్చాను. వాడు దాన్ని బండికి కాకుండా పనిముట్ల పెట్టె మూతకు అంటించాడు.

సీళ్లకూ ఆయిలుకూ కూలికీ కలిపి 850 అయింది. లాడ్జివాడు తీసుకున్న దాని కంటే తక్కువ.

తెల్లవారి వారధి దాటేటప్పుడు ఎండ ఎడమవైపు నుంచి వచ్చింది. లారీలు దాటేముందు వాటి నీడ ఎక్కడ పడుతుందో చూస్తూ గుంటూరు దాకా నడిపాను. కొన్నిసార్లు తెలిసింది, కొన్నిసార్లు హారను తర్వాతే తెలిసింది.

ఇంటికి చేరేసరికి అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు. పుస్తకం లేదని చెప్పాను. కుర్రాడి సంగతి చెప్పాను. ఆయన లేచి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఆపబోతున్న ఇంజనును ఆపవద్దన్నాడు. ట్యాంకు మీద అరచేయి వేసి కళ్లు మూసుకున్నాడు.

"నాకేమీ తెలియడం లేదురా" అన్నాడు. కాసేపయ్యాక చెయ్యి మార్చి మళ్లీ పెట్టాడు.