పారేయడానికి పర్మిషన్

మాది పెనుకొండ దగ్గర ఓ పల్లె. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి బెంగళూరులో ఉండొచ్చు. దీన్ని ప్రవాసం అంటే దుబాయిలో ఉన్న మా బావమరిది నవ్వుతాడు. నవ్వనీ. రేషన్ కార్డు అక్కడ, జీతం ఇక్కడ. అమ్మకు జ్వరమొస్తే ఫోన్లోనే పలకరింపు. పన్నెండేళ్లుగా ఇదే వరస.

నేను పని చేసేది ఒక పెద్ద తపాలా భవనంలో. ఏ భవనమో అడక్కండి. ఊళ్లో అందరూ నాకు పోస్టాఫీసులో ఉద్యోగమనుకుంటారు, నేనూ కాదనను. నిజానికి నేను ఏజెన్సీ మనిషిని, ఫెసిలిటీ సూపర్‌వైజర్. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, చొక్కా రంగు మారుతుంది, లోపలి మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. ఇప్పటికి మూడు రంగులు తొడిగాను. నీళ్ల సంపు, జనరేటరు, లిఫ్టు, మరుగుదొడ్లు, ట్యూబులైట్లు, పావురాలు, చెత్త... ఉత్తరాలు తప్ప అన్నీ నా లెక్కలోవే.

భాషకు నేను పెద్దగా ఇబ్బంది పడలేదు. పై అంతస్తుల్లో కన్నడం, ఇంగ్లీషు. చీపురు పట్టే చోట ఎక్కువగా తెలుగే. ఈ నగరాన్ని ఊడ్చేవాళ్లలో చాలామంది తాతలు మన రాయలసీమ నుంచి వచ్చినవాళ్లే. మా ఊళ్లో 'కసువు చిమ్మడం' అంటారు, ఇక్కడ చెత్తను 'కస' అంటారు. తడి చెత్త హసి కస, పొడిది ఒణ కస. విజయవాడ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు ఇవి ఒంటపట్టడానికి నెల పట్టింది, నాకు ఒక్క పూట చాలింది. మా దగ్గర అందరికన్నా పెద్దామెను అక్కా అంటాను. ఆమె నన్ను ‘అప్పా’ అంటుంది, తిట్టేటప్పుడు మాత్రం ‘సార్’ అంటుంది.

2024 మార్చిలో ఆ సార్ పిలుపు చాలాసార్లు విన్నాను. బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం ఊరంతా కొట్టుకున్న ఎండాకాలం అది. తాగేనీళ్లతో బండ్లు కడిగినా, తోటలు తడిపినా 5,000 రూపాయలు జరిమానా అని నీటి బోర్డు ఆదేశాలిచ్చింది. ఆఫీసుల కొళాయిలకు ఏరేటర్లు బిగించాలని కూడా చెప్పింది. అది జల్లెడ లాంటి చిన్న బిళ్ల, నీటిలో గాలి కలిపి ధారను లావుగా చూపిస్తుంది. బిగించిన మర్నాడే అక్క వచ్చింది. “ఏం సార్, కొళాయిలో గాలి పెట్టించినావు, బకెట్టు నిండేలోపు నా తెల్లజుట్టు నల్లబడేట్టుంది.” ఆమె మాటా నిజమే. చేతులు కడుక్కునే చోట ఆ బిళ్ల బంగారం, బకెట్టు పట్టే చోట దండగ. నేల తుడిచే నీళ్లు పట్టుకునే రెండు కొళాయిలకు నేనే తీసేయించాను.

ఆ ఏడాదే వాన నీళ్ల మీద నాకు పిచ్చి పట్టింది. లెక్క చాలా సులువు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు మీటర్ల మేడ మీద 20 మిల్లీమీటర్ల జల్లు పడితే 20,000 లీటర్లు, ఆవిరయ్యేదీ చిందిపోయేదీ తీసేసినా రెండు మూడు ట్యాంకర్లు. 2,400 చదరపు అడుగులు దాటిన స్థలంలో కట్టిన భవనాలకు వాన నీటి ఏర్పాటు ఉండాలని ఇక్కడ 2009 నుంచీ చట్టముంది. మా దగ్గర గొట్టాలున్నాయి, గుంత ఉంది. గొట్టం మూతిలో పావురం గూడు కూడా ఉంది. ఏప్రిల్ చివర మేడ ఊడ్చి, మొదటి వాన నీళ్లను బయటికి వదిలేసే వాల్వు తెరిచి పెట్టడం అప్పటినుంచి నా సొంత పండగ. పైవాళ్లెవరూ అడగరు.

ఇక స్టోరు రూము. అసలు చెప్పాలనుకున్నది దీని గురించే.

ప్రభుత్వ ఆఫీసుల్లో 2021 నుంచి ఏటా అక్టోబరు 2 మొదలుకొని 31 వరకు ప్రత్యేక శుభ్రతా కార్యక్రమం నడుస్తుంది. పాత ఫైళ్లు ఏరడం, తుక్కు అమ్మడం, జాగా ఖాళీ చేయడం. వినడానికి దీపావళి ముందు ఇల్లు దులిపినట్టే ఉంటుంది. కానీ ఇంట్లో అమ్మ ‘పారేయ్’ అంటే పారేస్తాం. ఇక్కడ ముందు కండెమ్ చేయాలి. ప్రతి కుర్చీకీ ఫ్యానుకూ పెయింటుతో రాసిన నంబరుంటుంది, ఆ నంబరు రిజిస్టరులో దొరకాలి. కమిటీ వచ్చి చూసి పనికిరాదని సంతకం పెట్టాలి, ఆపైన వేలం. రిజిస్టర్ల సంగతి ఇంకా సున్నితం. ఒక్కో రకం కాగితానికి ఇన్నాళ్లు దాచాలని ఆయుష్షు రాసిపెట్టి ఉంటుంది. ఎలుక సగం తిన్నా, ఆయుష్షు తీరకపోతే దాన్ని అట్టపెట్టెలో పెట్టి కాపాడాల్సిందే. పాత కంప్యూటర్లు, యూపీఎస్ బ్యాటరీలు అధికారిక రీసైక్లరుకే పోవాలి. పాత ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగలకుండా నిలబెట్టి కట్టలు కట్టాను. కుర్రాళ్లు వాటిని కత్తుల్లా తిప్పుతుంటే నాకు చెమటలు పట్టేవి.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ పేరున్న రబ్బరు స్టాంపులు కూడా ఆ గదిలోకే చేరాయి. పక్కనే పాత సీలు లక్క డబ్బా ఒకటి. మూత తీస్తే మా తాత పెట్టె వాసనొచ్చింది. ఆయన వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదివి ఇనప తీగకు గుచ్చేవాడు. దూలానికి వేలాడే ఆ కట్టను ఎవరైనా ముట్టుకుంటే వీపు మోగేది. బహుశా ఆయనకూ ఒక రిజిస్టరు ఉండేదేమో.

మూలన చిరిగిన మెయిలు సంచుల గుట్ట ఉంది. మందపాటి గుడ్డ. అక్క ఒకదాన్ని చేత్తో నలిపి చూసి, “అప్పా, ఎట్లా పారేసేదే కదా, ఒకటి ఇస్తివంటే రాగులు పోసుకుంటా” అంది. ఇవ్వలేకపోయాను. కండెమ్ అయినా అది వేలానికి పోవాల్సిన సర్కారు సొత్తు, ఒక్కటి తగ్గినా నా మెడకు చుట్టుకుంటుంది. “నువ్వేమన్నా ఇంటికి మోసుకుపోతాండావా” అని తిట్టి పోయింది. ఈసారి ‘సార్’ కూడా అనలేదు. నెల తర్వాత ఆ గుట్ట కిలోల లెక్కన లారీ ఎక్కింది. ఆ ఆదివారం కె.ఆర్. మార్కెట్లో ఒక గోనెసంచి కొని తెచ్చిస్తే, “ఇది గట్టిగా లేదు” అంటూనే తీసుకుంది.

ఈ తలనొప్పి మధ్య హలసూరు దగ్గర కేంబ్రిడ్జ్ లేఔట్‌లోని త్రీడీ ప్రింటెడ్ పోస్టాఫీసు చూసొచ్చాను. 2023 ఆగస్టులో ప్రారంభించారు, వెయ్యి చదరపు అడుగుల పైచిలుకు. ఐఐటీ మద్రాసు సలహాతో ఎల్ అండ్ టీ కట్టింది, నెలన్నర లోపే. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు యంత్రం కాంక్రీటును వరసలు వరసలుగా పోసింది. గోడ మీద చెయ్యి పెడితే మా ఊరి మట్టిగోడల వరసలే గుర్తొచ్చాయి. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నా దిగులల్లా, ఆ గాడుల్లో చేరే దుమ్మును ఏ చీపురుతో తీయాలా అని.

అక్టోబరు 31కి మా స్టోరు రూము ఖాళీ అయింది. నేల రంగు ఎర్రదని మాకు ఆ రోజే తెలిసింది. అక్క ఫినాయిలు వేసి కడిగింది. నవంబరు మొదటి వారంలో తాళం తీస్తే నట్టనడుమ మూడు కాళ్ల కుర్చీ ఒకటి ఉంది, ఎవరు పెట్టారో తెలీదు. తిరగేసి చూశాను. దాని మీద నంబరు లేదు.